రెండు చెవులూ పడాలి

బావ పోయిన నాలుగో రోజున అప్ప ఫోన్ చేసింది. మా వైపు అక్కను అప్ప అనే పిలుస్తాం, విశాఖ వచ్చి ఇన్నేళ్ళయినా నా నోటికి ఆ పిలుపు మారలేదు. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు ఎండిపోయినట్టుంది. "ఒరే రవణా, దినం నాడు దండెయ్యడానికి మీ బావది ఒక్క సరైన ఫొటో లేదురా. నా ముగ్గురు గుంటలూ ఆధార్ కార్డు మీది బొమ్మ పెద్దది సేయించి తెచ్చినారు. పోలీసులు పట్టుకున్నోడి లాగున్నాడు. నీ కాడ ఏటైనా ఉన్నాదేటి?" అంది. నేను ఫొటోలు తీసే బతికినవాణ్ణి. ఈ రెండు జిల్లాల్లో ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని బారసాలలు తీశానో నాకే గుర్తులేదు. అలాంటివాడి సొంత బావకి ఒక్క ఫొటో లేకపోవడమేమిటని ఎవరైనా నిలదీసి ఉండాల్సింది. అప్ప ఎన్నడూ అడగలేదు. "సూస్తానప్పా" అని ఫోన్ పెట్టేశాను. వెతకడానికేమీ లేదు. ఫొటో ఉంది. బీరువా పై అరలో, బిస్కెట్ల రేకు డబ్బాలో, నల్ల కాగితంలో చుట్టిన నెగెటివ్ అలాగే ఉంది. అది పాడైపోయిందని అప్పకీ, బావకీ, నాకు పని నేర్పిన మాష్టారికీ అబద్ధం చెప్పాను, ఆ అబద్ధం మీదే ముసలివాణ్ణయిపోయాను. ఇప్పుడు దాన్ని తీసి అప్ప చేతిలో పెట్టాలంటే, ఎందుకు దాచానో కూడా చెప్పాలి.

అరవైల చివర్లో నేను విజయనగరంలో అప్ప వాళ్ళింట్లో ఉండేవాణ్ణి. మాది శ్రీకూర్మం దగ్గర పల్లె. నాన్న వరీ, మా వైపు చోళ్ళనే రాగులూ పండించేవాడు. నాకు చదువూ అబ్బలేదు, నాగలీ అబ్బలేదు. "ఆణ్ణి నా కాడికి పంపీ, ఏదో పని నేర్పిద్దుం" అని అప్పే తీసుకుపోయింది. ఇంట్లో నలుగురం, అప్పా బావా నేనూ, బావ తల్లీ. బావ పేరు సూర్యనారాయణ. అరసవల్లిలో మొక్కుకుంటే పుట్టాడట, అందుకని ఆ పేరు. వీధిలో మాత్రం సూరీడనే అనేవారు. లారీల షెడ్డులో మెకానిక్కు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎప్పుడో స్పానరు జారి తగిలి పై పన్ను ఒకటి కొస విరిగింది. నవ్వితే ముందు ఆ విరిగిన పన్ను కనపడేది, తరవాతే నవ్వు కనపడేది. ఏదన్నా బాగుచెయ్యడం తప్ప ఖాళీగా కూర్చోవడం చేతకాదు. అప్ప ఆవ పెట్టి వండిన పనసపొట్టు కూర తింటూ కూడా, ఎడం చేత్తో పక్కింటివాళ్ళ కిరసనాయిల్ స్టవ్వు విప్పుతూ ఉండేవాడు.

ఆయన తల్లిని నేను అత్తా అని పిలిచేవాణ్ణి. వేకువనే లేచి చోడి అంబలి కాచి, గిన్నెలు మూతలేసి పెట్టి, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని చుట్ట అందుకునేది. అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, అది అలా లోపల కాలుతుండగానే వీధిలో పోయే ప్రతివాళ్ళనీ పలకరించేది, తిట్టాల్సినవాళ్ళని తిట్టేది. ఒక్కనాడూ నాలుక కాలింది లేదు. సాయంత్రం మేమిద్దరం ఇంటికి రాగానే గుమ్మంలో ఆపేది. బావ ఒంటి మీద పెట్రోలూ కాలిన ఆయిలూ, నా వేళ్ళకి ఫొటోలు కడిగే మందు పులుపు. ముక్కు ఎగబీల్చి, "ఒకడు దీపం బుడ్డి, ఒకడు పులిసిన గంజి. ఇద్దరూ నూతి కాడికెల్లండి" అనేది. నూతి దగ్గర బావ నీళ్ళు తోడి ముందు నా చేతుల మీద పోసేవాడు, తరవాత తన చేతుల మీద. కుంకుడు రసంతో ఎంత తోమినా ఆ రెండు వాసనలూ పూర్తిగా పోయేవి కావు. నాకిప్పటికీ పెట్రోలు బంకు దగ్గర ఆగితే ఆ నుయ్యే గుర్తొస్తుంది.

నేను పని నేర్చుకున్న స్టూడియో గంటస్తంభానికి కొంచెం అవతల ఉండేది. వెనక తెర మీద చెరువు, మెట్లు, రెండు హంసలు. మాష్టారు మితభాషి, చేతి పనితనం మాత్రం గొప్పది. పెన్సిలుతో నెగెటివ్ మీద మశూచి మచ్చలు మాయం చేసేవారు. పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని ఫొటోలకి వచ్చేవారు. ఫొటో చేతికివ్వగానే వాళ్ళు ముందు చూసేది కళ్ళూ కాదు, బట్టలూ కాదు. చెవులు. రెండు చెవులూ పడాలి. ఒకటే పడితే తీసుకునేవారు కాదు. "నా రెండో సెవేటి సేసినావు బాబూ" అని నిలదీసి కూర్చున్న ముసలాయన నాకు ఇంకా కళ్ళకి కట్టినట్టే ఉన్నాడు. ఒక చెవి ఫొటో ఇంట్లో పెట్టుకుంటే ఆ మనిషికి మంచిది కాదని నమ్మకం. పక్కకి తిరిగి తీయించుకునే షోకు పట్నం కుర్రాళ్ళది, పెద్దవాళ్ళ దగ్గర చెల్లదు. అందుకని మాష్టారు నాకు చెప్పిన మొదటి పాఠం కూడా అదే. "ముందు రెండు చెవులూ పడాలి. వెలుగూ నీడా ఆ తరవాత." నేను నేర్చుకున్న మొదటి మాట, "ఇటు చూడండి." ఆ మాట అనడంలో ఒక అధికారం ఉంటుంది. ఎంత పెద్దమనిషయినా మనం చెప్పిన వైపు తిరుగుతాడు. ఇరవై ఏళ్ళ వయసులో అది కాస్త తలకెక్కుతుంది.

ఊరి చివర మైదానాన్ని మేం స్టేడియం అనేవాళ్ళం. ఒక పక్క సిమెంటు మెట్లూ, మిగతా మూడు పక్కలా వెదురు దడీ, అంతే. రైల్వే షెడ్డు నుంచి బొగ్గు బూడిద తెప్పించి, గుండ్రంగా బాట పరిచి, ఎండాకాలంలో మోటారు సైకిలు పందేలు పెట్టేవారు. విశాఖ నుంచీ బరంపురం నుంచీ కూడా వచ్చేవారు. బావ దగ్గర యుద్ధం తరవాత వేలంలో అమ్మిన మిలటరీ బండి ఒకటుండేది, తుక్కు కింద కొని తన చేత్తో బతికించుకున్నాడు. పందెం రోజున అప్ప మైదానానికి వచ్చేది కాదు, ఆయన తిరిగొచ్చేదాకా పొయ్యి ముట్టించేదీ కాదు. అత్త మాత్రం అందరికంటే ముందెళ్ళి సిమెంటు మెట్ల మీద కూర్చునేది, నలుగురిలో కాలిస్తే బాగోదని ఆరిపోయిన చుట్టనే నోట్లో పెట్టుకుని. మాష్టారు పైనొకటి కిందొకటి లెన్సులున్న తన రెండు కళ్ళ కెమెరా నాకిచ్చి, "నువ్వు వెళ్ళు, అంత దుమ్ములో నా వల్ల కాదు" అన్నారు. అదే నేను బయట చేసిన మొదటి పని.

ఆ కెమెరాలో పైనుంచి కిందికి వంగి అద్దంలో చూడాలి. అందులో బొమ్మ ఎడం కుడిగా, కుడి ఎడంగా కనపడుతుంది. కూర్చున్న మనిషితో ఇబ్బంది లేదు. దూసుకొచ్చే బండిని అందులో పట్టుకోవాలంటే బుర్ర తిరిగిపోయేది. బండి ఇటు వస్తుంటే నేను అటు తిరిగేవాణ్ణి. మొదటి పందేనికి రీలులో ఉన్న పన్నెండు ఫొటోలూ తీసేసి, గర్వంగా కడిగి చూస్తే, నాలుగింట్లో ఒట్టి బూడిద బాట, మూడింట్లో వెనక చక్రమూ పొగా, మిగతావాటిలో జనం. బావ వీపు ఒకదాంట్లో సగం పడింది, ఒక చెవితో. అత్త వాటిని ఎండలో పట్టుకుని ఒక్కొక్కటీ చూసింది. "పొగ బాగా తీసినావు నాయనా. నా కొడుకేడీ?" అంది. బావ పగలబడి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. దానికి తోడు ఆ ఇంట్లో బావ ఫొటో అంటూ ఉన్నది పెళ్ళినాటిదొక్కటే, అందులో సరిగ్గా ఆ క్షణానికి కళ్ళు మూశాడు. "నాను పోయేలోగా నా కొడుకు కళ్ళు తెరిసి బండి మీదున్న ఫొటో ఒకటి తియ్యరా. రెండు సెవులూ ఉండాల" అని అత్త ఆనాటి నుంచీ రోజూ అంటూనే ఉంది. వేళాకోళానికి అన్నట్టే అనేది గానీ, నేను దాన్ని పంతంగా పట్టుకున్నాను.

రెండు మూడు పందేలు పాడుచేసుకున్నాక నాకొక కిటుకు దొరికింది. బండి వెంట కెమెరా తిప్పకూడదు. బండి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే కాచుకోవాలి. మలుపులో అందరూ వేగం తగ్గిస్తారు. అక్కడ బూడిద మీద సున్నంతో గీత గీసి, ఆ గీతకి ఫోకస్ పెట్టుకుని కూర్చుంటే చాలు, గీత మీదికి చక్రం రాగానే నొక్కడమే. ఒక పందెంలో అలా చేస్తే బరంపురం మనిషి ఫొటో చక్కగా పడింది. మాష్టారు దాన్ని స్టూడియో అద్దాల బీరువాలో పెట్టారు. కానీ మలుపు తిరిగేవాడు మలుపు వైపే చూస్తాడు కదా. మొహం పక్కకే పడుతుంది, చెవి ఒకటే పడుతుంది. అదొక్కటీ సరిచెయ్యాలని నేను అనుకున్నాను. స్టూడియోలో చేసే పనే మైదానంలోనూ చెయ్యచ్చనుకున్నాను. అంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో ఇంకొకటి లేదు.

ఆ రోజు బావ వెదురు దడి పక్కన కూర్చుని, పంట్లాం అంచులు చీలమండల దగ్గర గుడ్డ పీలికలతో కట్టుకుంటున్నాడు. నేను వెళ్ళి, "బావా, మలుపు కాడ సున్నం గీతేసినాను. అది దాటినప్పుడు ఒక్కసారి నా వైపు సూడు" అన్నాను.

"బండి తోలీవోడు దారి సూడాలి గానీ నిన్ను సూస్తాడేటిరా" అన్నాడు.

"సూడకపోతే మళ్ళా ఒక సెవే పడతాది. అత్త ఒద్దంటాది."

ఆయన ముడి బిగించాడు. దూరంగా మెట్ల మీద కూర్చున్న తల్లి వైపు చూశాడు. "సరే. ఆకరి సుట్టులో సూస్తాను. నువ్వు తయారుగా ఉండు" అన్నాడు. చెవుల్లో బూడిద పడకుండా తలకి తువ్వాలు చుట్టుకోవడం ఆయనకి అలవాటు. అప్పటికే చుట్టుకున్నదాన్ని విప్పి, నా భుజం మీద వేసి, "సెవులు కనపడాల గదా మరి" అని నవ్వి వెళ్ళిపోయాడు.

చివరి చుట్టులో ఆయన రెండోవాడు. గీత మీదికి వస్తూ మాట తప్పకుండా నా వైపు తిరిగాడు. అద్దంలో చిన్నగా, కుడి ఎడమై, పన్ను విరిగిన నవ్వుతో ఆయన మొహం నిండుగా కనపడింది. నొక్కాను. బాగా పడిందని నొక్కుతుండగానే తెలిసిపోతుంది, ఆ పనిలో ఉన్నవాళ్ళకి అది అనుభవమే. నేను తల ఎత్తేసరికి ముందు చక్రం బూడిదలో జారి, బండి ఆయన కుడి కాలి మీద పడి, ఈడ్చుకుంటూ దడి దాకా పోయింది. జనం లేచి అరుస్తున్నారు. నేను దడి దూకి పరిగెత్తాను. మోకాలి దగ్గర కారుతున్న నెత్తురు అణచిపట్టడానికి ఆ తువ్వాలే వాడాను. అత్త మెట్లు దిగి ఎలా వచ్చిందో తెలీదు, చుట్ట ఎక్కడో పడిపోయింది. "ఎలగ పడిపోనావురా, ఎలగ పడిపోనావు" అని కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని అడుగుతోంది. బావ నా మొహం లోకి చూశాడు. "బూడిదలో జారిపోనాదే అమ్మా" అన్నాడు. అది విన్నప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు. బతికిపోయాననుకున్నాను. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

రెండు రోజుల తరవాత స్టూడియో చీకటిగదిలో ఆ రీలు నేనే కడిగాను. తడి నెగెటివ్‌ని ఎర్రదీపం దగ్గర పట్టుకుంటే, తెలుపు నలుపై, నలుపు తెలుపై, అయినా గుర్తుపట్టగలిగేలా బావ మొహం ఉంది. కళ్ళు, పన్ను, రెండు చెవులు. దాన్ని ఎవరు చూసినా ఒక్క క్షణంలో తెలుసుకుంటారు, ఆ మనిషి చూస్తున్నది దారిని కాదు, నన్ను. పందెంలో బండి మీదున్నవాడు ఊరికే అటు ఎందుకు తిరుగుతాడు? ఆ ఒక్క ముక్కా కత్తిరించి, బొమ్మని నిలబెట్టే హైపో నీళ్ళలో ముంచి దాచుకుని, ఇంకా హైపో తగలని మిగతా రీలుకి తెల్లదీపం చూపించి, మళ్ళీ మందులో వేసి నల్లగా మాడ్చేశాను. కంగారులో కెమెరా తలుపు తెరిచేశానని మాష్టారితో చెప్పాను. ఆయన తిట్టలేదు, "చెయ్యి కుదురుగా ఉండాలి" అన్నారంతే. ఇంట్లోనూ అదే చెప్పాను. అత్త, "పోతే పోనీ, మడిసి దక్కినాడు" అంది. ఆమె మరో మూడేళ్ళు బతికింది. కొడుకు ఫొటో మాట మళ్ళీ ఎత్తలేదు.

బావ విశాఖ పెద్దాసుపత్రిలో చాలాకాలం ఉన్నాడు. కాలు ఉంది గానీ మోకాలు వంగేది కాదు. వంగని కాలితో లారీ కిందికి దూరడం కుదరదు కదా, షెడ్డు పని పోయింది. ఇంటి ముందు సైకిళ్ళు బాగుచేసే కొట్టు పెట్టుకుని, ఎత్తుపీట మీద కూర్చుని, కాలు నిలువుగా చాపుకుని పంక్చర్లు వేసుకుంటూ ముగ్గురు పిల్లల్ని పెంచాడు. బండిని ఎవరో తుక్కు కిందే కొనుక్కుపోయారు. నవ్వేవాడు, నవ్వడం మానలేదు, కానీ పెదాలు విడకుండా నవ్వేవాడు. ఆ విరిగిన పన్ను మళ్ళీ నేను చూడలేదు. నేను విశాఖలో సొంత స్టూడియో పెట్టుకున్నాను. పెళ్ళిళ్ళలో అందరు ఫొటోగ్రాఫర్లూ "ఇటు చూడండి" అంటారు. నాకు ఆ మాట గొంతు దాటేది కాదు. చిటికె వేసేవాణ్ణి. చిటికెల రవణగారని నాకు పేరు కూడా పడింది, అదేదో నా ముద్ర అనుకునేవారు. అప్ప ఇంట్లో ఏ శుభకార్యమైనా ఫొటోలు నేనే తీశాను, వాటిలో బావ ఉండడు. నేను కెమెరా ఎత్తేసరికి ఆయన ఏ బిందె నింపడానికో, ఎవరి చెప్పులో సర్దడానికో కుంటుకుంటూ వెళ్ళిపోయేవాడు. నా బాధ చూడలేక తప్పుకుంటున్నాడని నాకు తెలుసు. నేనూ రమ్మని పిలవలేదు. వెళ్ళిన ప్రతిసారీ మాత్రం గుమ్మంలోనే నా భుజాన ఉన్న సంచీ అందుకుని, నేను కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. కెమెరా సంచీ కదా, జాగ్రత్త చేస్తున్నాడనుకునేవాణ్ణి.

దినానికి ముందు రోజు ఆ నెగెటివ్ పట్టుకుని లాబ్‌కి వెళ్ళాను. ఇప్పుడు చీకటిగది లేదు, మందుల వాసన లేదు, ఒక కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని రెండు నిమిషాల్లో దాన్ని తెర మీదికి తెచ్చాడు. "ఎవరండీ తాతగారూ ఈ హీరో?" అన్నాడు. మా బావ అన్నాను. ఈ కాలంలో ఒక్కొక్కరి ఫోన్‌లో వేల ఫొటోలుంటున్నాయి. నా మనవరాలు పొద్దున లేచి తిన్న దోసెకి కూడా నాలుగు తీస్తుంది. బావకి మాత్రం నిండు బతుకులో ఉన్నవి మూడు. కళ్ళు మూసిన పెళ్ళి ఫొటో, ఆధార్ బొమ్మ, ఇది. నా పిరికితనం వల్ల మూడోది లేనట్టే అయింది. విజయనగరం బస్సులో ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో పక్క సీటాయన భోగాపురం విమానాశ్రయం పనుల గురించి ఏదో చెబుతున్నాడు, నేను తల ఊపుతున్నాను. అప్పకి ఏం చెప్పాలో మనసులో పదిసార్లు కూర్చుకున్నాను. ఈ వయసులో, ఈ సమయంలో, ఆమె నన్ను ఇంట్లోంచి పొమ్మన్నా న్యాయమే అనుకున్నాను.

అప్ప బావ కూర్చునే ఎత్తుపీట పక్కన చాప మీద కూర్చుని ఉంది. కవరు ఇచ్చాను. తీసి చూసింది. చాలాసేపు చూసింది. నేను కూర్చుకున్న మాటలన్నీ పోయి, "నానే సూడమన్నానప్పా. నానే అటు సూడమన్నాను, అందుకే పడిపోనాడు" అన్నాను. చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

అప్ప నా వైపు తిరగలేదు. "తెలుసురా" అంది. "మీ బావ ఆస్పత్రిలో ఉన్నప్పుడే సెప్పినాడు. 'నీకు తెలిసినట్టు ఆడికి తెలనీకే, తెలిస్తే ఆడు కెమెరా ముట్టుకోడు' అన్నాడు. ఒట్టేయించుకున్నాడు."

నేను చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"ఫొటో పాడైపోనాదని నువ్వు సెప్తే నాను నమ్మినాను గానీ ఆయన నమ్మలేదు. 'రవణ అలగ పాడుసెయ్యడే, ఎప్పుడో ఒకప్పుడు తెస్తాడు' అనేవోడు. నువ్వొచ్చినప్పుడల్లా ఆ సంచీ ఒళ్ళో ఎట్టుకునేవోడు గదా. ఈసారి తెచ్చినాడేటని అడిగీదాన్ని నువ్వెళ్ళిపోయాక. లేదనేవోడు."

ఫొటోని, ఆనాడు అత్త పట్టుకున్నట్టే, వెలుతురు వైపు పట్టుకుంది. విరిగిన పన్ను మీద వేలు పెట్టింది. తరవాత ఆ వేలితో ముందు ఈ చెవినీ, తరవాత ఆ చెవినీ తడిమింది.

"రెండు సెవులూ పడ్డాయిరా" అంది. "ఒక్కసారి ఆయనకి సూపించాల్సింది."